తొమ్మిది నలభైకి వచ్చే కుక్కలు

మా సందులో తిరిగే కుక్కలను దిక్కులేనివని మేము ఎన్నడూ అనుకోలేదు. నిజం చెప్పాలంటే, వాటి గురించి ఆలోచించవలసిన అవసరమే మాకు రాలేదు. హైదరాబాద్ అమీర్‌పేటకు కూతవేటు దూరంలో ఉన్న వీధి కనుక ఇళ్లకంటే హాస్టళ్లే ఎక్కువ. కోచింగ్ కోసం రెండు రాష్ట్రాల నుంచీ వచ్చిన పిల్లలు తిని వదిలేసిన అన్నం, సాంబారు, ఆదివారం నాటి కోడి ఎముకలు మెస్సు వెనుక ఉన్న నీలం డ్రమ్ములో పడేవి. రాత్రి తొమ్మిది నలభైకి దాన్ని బయటకు దొర్లించేవారు. గడియారం చూసుకున్నట్టు కుక్కలూ సరిగ్గా ఆ వేళకే వచ్చేవి.

2020 మార్చి 24 రాత్రి ప్రధానమంత్రి 21 రోజుల లాక్‌డౌన్ ప్రకటించారు. మరునాడు హాస్టళ్ల పిల్లలు పోలీస్ స్టేషన్ల ముందు బారులు తీరి, పాసులు తీసుకొని ఆంధ్ర వైపు బయలుదేరడం, గరికపాడు చెక్‌పోస్టు దగ్గర గంటల తరబడి నిలిచిపోవడం అందరూ టీవీల్లో చూశారు. నేను మా వంటింటి కిటికీలోంచి చూసింది మాత్రం ఆ డ్రమ్మునే. దాన్ని శుభ్రంగా కడిగి గోడ వారగా బోర్లించి వెళ్లిపోయారు. ఆ రాత్రి, ఆ తర్వాత మరో మూడు రాత్రులు, కుక్కలు అదే వేళకు వచ్చి దాని చుట్టూ కూర్చున్నాయి. అయిదో రాత్రి రాలేదు.

ఆకలి అప్పుడే మొదలైందనడం కూడా సరికాదు. కోడిమాంసంతో కరోనా వస్తుందన్న పుకారు ఫిబ్రవరిలోనే పుట్టి, ట్యాంక్‌బండ్‌పై మంత్రులే వేదికనెక్కి చికెన్ తిని చూపించవలసినంత దాకా వెళ్లింది. మా చికెన్ షాపులో బేరాలు పడిపోయిన కొద్దీ కుక్కలకు దక్కే తోళ్లూ పేగులూ తగ్గిపోయాయి. పైగా హాంకాంగ్‌లో ఒక పెంపుడు కుక్కకు వైరస్ సోకిందన్న వార్తను మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో కొందరు, కుక్కల వల్ల మనకు వైరస్ అంటుకుంటుందన్నట్టుగా చదువుకున్నారు. అందుకు ఆధారం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన మాట ఆ గ్రూపు దాకా రానేలేదు.

కుక్కలకు తిండి పెట్టడం మొదలుపెట్టిన మొదటి వారం నేను చేసినదంతా తప్పే. బిస్కెట్లు వేశాను, పాలు పోశాను. రెండు రోజుల్లో సగం కుక్కలకు విరేచనాలు పట్టుకున్నాయి. పెరిగిన కుక్కలకు పాలు సరిగా అరగవని, ఉల్లి, వెల్లుల్లి వాటికి హాని చేస్తాయని ఒక పశువైద్యుడు ఫోనులో చెప్పాక, నూకల్లో కోడి కాళ్లు, తోళ్లు, చిటికెడు పసుపు వేసి ఉప్పు లేకుండా ఉడికించడం నేర్చుకున్నాను. ఉడికిన ఎముక చీలి గొంతులో గుచ్చుకుంటుంది కాబట్టి చల్లారాక చేత్తో కలిపి ఎముకలన్నీ ఏరివేయాలి. ఈ పనికే ముప్పావు గంట పట్టేది. ఒకేచోట కుమ్మరిస్తే పక్క సందు కుక్కలతో కొట్లాట తప్పదు కనుక నాలుగు చోట్ల పాత పేపర్లు పరిచి పెట్టేదాన్ని. ఏప్రిల్ ఎండలో తిండికన్నా నీటి కరువే పెద్దది. సిమెంటు తొట్టి పెట్టాక మొదట వచ్చి తాగినవి కుక్కలు కావు, కాకులు.

సాయంత్రం 7 తర్వాత కర్ఫ్యూ. ఒకసారి ఆలస్యమై పోలీసులకు దొరికాను. "ఏం మేడం, మనుషులకే తిండి లేదు, కుక్కలకు పెట్టనీకి పోతున్నారా?" అని అడిగాడు కుర్ర కానిస్టేబుల్. వలస కూలీలు పిల్లలను చంకనెత్తుకొని నడిచి వెళుతున్న రోజులవి. అతనికి ఏ సమాధానమూ చెప్పలేకపోయాను. వీధి జంతువులకు తిండి పెట్టేవారిని అడ్డుకోవద్దని కేంద్ర జంతు సంక్షేమ మండలి మార్చిలోనే రాష్ట్రాలకు రాసిందని నాకు తెలుసు, కానీ ఆ కాగితం చేతిలో లేదు. ఒడిశా ముఖ్యమంత్రి వీధి జంతువుల తిండి కోసం సహాయనిధి నుంచి 54 లక్షల రూపాయలు కేటాయించారు. మొత్తం చూస్తే పెద్ద సొమ్మేమీ కాదు, కానీ అక్కడ అన్నం గిన్నెతో బయటికి వచ్చినవాడు దొంగలా నడవవలసిన అవసరం ఉండి ఉండదు.

ఈ కథలో అందరూ మరిచిపోయేది ఆపరేషన్ల సంగతి. అప్పట్లో అమలులో ఉన్న 2001 నాటి నిబంధనల ప్రకారం వీధికుక్కలను పట్టుకొని, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, గుర్తుగా చెవికి గాటు పెట్టి, పట్టిన చోటే వదలవలసి ఉండేది. లాక్‌డౌన్‌లో మా వీధికి ఆ కుక్కలను పట్టుకెళ్లే బండి నెలల తరబడి రాలేదు. కుక్క చూడి కాలం 63 రోజులు మాత్రమే. నేను కడుపునిండా పెట్టిన తిండి ఆగస్టు నాటికి మూడు ఈతల కూనలుగా సందంతా పాకింది. జాలి పడడం వచ్చింది గాని లెక్క వేయడం రాలేదు నాకు. ఆపరేషన్‌కు తీసుకువెళ్లకుండా తిండి మాత్రమే పెట్టేవాళ్లు వీధికి సగం మేలే చేస్తారని ఇప్పుడు ఎవరితోనైనా వాదిస్తాను, మొదటి ముద్దాయిని నేనే అయినా సరే.

సెప్టెంబరులో ఒక ఆటో అబ్బాయిని బతిమాలి, మూడు తల్లికుక్కలను గోనెపట్టా మీద కూర్చోబెట్టి ఆస్పత్రికి తీసుకువెళ్లాను. మరుసటి ఏడాది హాస్టళ్లు తెరిచి నీలం డ్రమ్మును మళ్లీ నిలబెట్టినప్పుడు ఆ మూడూ గాటు పడిన చెవులతో అక్కడికే వెళ్లిపోయాయి. నేను నూకలు వండిన గిన్నె వాసనైనా చూడలేదు.