తత్వశాస్త్రం, జర్మన్ కలిపి చదవడం: నా అనుభవం

డిగ్రీలో తత్వశాస్త్రంతో పాటు ఒక ఆధునిక భాష కూడా తీసుకోవాలనుకునేవాళ్లకు నేను మొదట చెప్పేది రోజును ఎలా పంచుకోవాలన్నదే. భాష రోజూ కొంచెం సమయం అడుగుతుంది, తత్వశాస్త్రం ఒకేసారి చాలా అడుగుతుంది. నాలుగు రోజులు జర్మన్ ముట్టుకోకపోతే విభక్తి ప్రత్యయాలు తడబడతాయి. తత్వశాస్త్రాన్ని రోజుకు అరగంట చొప్పున చదివితే, కూర్చున్న ప్రతిసారీ వాదన మళ్లీ మొదటికొస్తుంది. నాకు కుదిరిన లెక్క ఇది: సెలవు రోజుల్లో కూడా పొద్దున్నే 40 నిమిషాలు భాష, వారంలో మూడు పూటలు, పూటకు 3 గంటలు తత్వశాస్త్రం. ఒక శాఖ గడువులు ఇంకో శాఖకు తెలియవు. అందుకే సెమిస్టర్ మొదటి వారంలోనే రెండింటి గడువులూ ఒకే కాగితం మీద రాసుకోవాలి.

మొదటి ఏడాదిలో తత్వశాస్త్రం వైపు సాధారణంగా ప్రతీకాత్మక తర్కం, అంటే వాదనలను గుర్తులతో రాసి సరిచూసే పాఠం, ఉంటుంది. గుర్తులు చూసి భాష విద్యార్థులు భయపడతారు గానీ, వ్యాకరణం బాగా వచ్చినవాళ్లకు ఇది త్వరగానే పట్టుబడుతుంది. మార్కులు ఎక్కువగా పోయేది మామూలు వాక్యాన్ని గుర్తుల్లోకి మార్చే దగ్గర. 'వాన పడితే నేల తడుస్తుంది' అన్నప్పుడు 'ఇది ఉంటే అది ఉంటుంది' అని చెప్పే బాణం గుర్తు వాన నుంచి తడికి వెళ్తుంది. 'వాన పడితేనే నేల తడుస్తుంది' అంటే తడి నుంచి వానకు వెళ్తుంది. ఒక్క 'నే' బాణాన్ని తిప్పేసింది. ఏ భాషలో వాక్యం ఇచ్చినా ముందు తెలుగులో 'తే'నా, 'తేనే'నా అని చూసుకుంటే సగం తప్పులు తగ్గుతాయి.

రెండు సబ్జెక్టులూ నిజంగా కలిసేది మూలగ్రంథం చదివేటప్పుడు. జర్మన్ తత్వవేత్త కాంట్ రాసిన 'క్రిటిక్ డేర్ రైనెన్ ఫెర్నున్ఫ్ట్' (శుద్ధ హేతువు విమర్శ) 1781లో వచ్చింది, బాగా మార్చిన రెండో ముద్రణ 1787లో. మొదటిదాని పేజీలకు 'ఏ', రెండోదానికి 'బి' అని అంచుల్లో అంకెలుంటాయి. అనువాదాన్నీ మూలాన్నీ పక్కపక్కన పెట్టుకున్నప్పుడు దారి చూపేవి ఆ అంకెలే. అవి లేని ప్రతి కొనొద్దు.

బి 1 పేజీలోనే చూడండి. జ్ఞానమంతా అనుభవంతో మొదలవుతుంది, అందులో సందేహమే లేదు అంటాడు కాంట్. కొంచెం కింద, అలాగని అదంతా అనుభవం నుంచి పుట్టదంటాడు. మొదటిచోట 'మిట్', రెండోచోట 'ఔస్'. మన 'తో', 'నుంచి' లాంటివే. పుస్తకమంతా ఈ రెండు చిన్న మాటల మధ్య ఉన్న తేడా మీద నిలబడింది. తొందరగా చదివేవాళ్లు రెండింటినీ ఒకటిగా చదివేసి, కాంట్ తనను తానే ఖండించుకున్నాడని వ్యాసంలో రాస్తారు.

ఆ రెండో వాక్యం 'వెన్ ఆబర్ గ్లైష్' అని మొదలవుతుంది. నిఘంటువులో 'వెన్' అంటే 'ఒకవేళ', 'గ్లైష్' అంటే 'వెంటనే' అని కనిపిస్తుంది. కానీ 18వ శతాబ్దపు ఈ వాడుకలో ఆ రెండూ కలిస్తే 'అయినప్పటికీ'. 'ఒకవేళ' అని చదివితే కాంట్ ముందే ఒప్పుకున్న విషయం ఇంకా తేలని షరతుగా మారిపోతుంది. నేటి జర్మన్ ఎంత బాగా వచ్చినా ఇలాంటిచోట కాలు జారుతుంది. అందుకే మొదటి నెలల్లో గంటకు ఒకటి రెండు పేజీలు దాటకపోయినా కంగారు పడక్కర్లేదు.

లింగం కూడా ఇక్కడ అలంకారం కాదు. పొడవాటి వాక్యంలో ఒక సర్వనామం వెనకున్న మూడు నామవాచకాల్లో దేన్ని సూచిస్తోందో చాలాసార్లు లింగమే తేలుస్తుంది. మూడింటిదీ ఒకే లింగమైతే పండితులు కూడా వాదించుకుంటారు, మీరు వ్యాసం రాయాల్సింది అక్కడే. క్రియ చివర రావడం మాత్రం తెలుగువాళ్లకు కొత్త కాదు. ఉపవాక్యాల్లో అది మనకు ఊరటే.

పారిభాషిక పదాలకు వేరే నోటుబుక్ పెట్టండి. ఒక్కో పదానికి నాలుగు గళ్లు: మూల పదం, మామూలు వాడుక, ఈ రచయిత వాడుక, పేజీ. జర్మన్ తర్కవేత్త ఫ్రేగె 1892 నాటి వ్యాసంలో 'జిన్', 'బెడోయ్‌టుంగ్' రెండింటికీ నిఘంటువు 'అర్థం' అనే చెబుతుంది. ఫ్రేగె దగ్గర బెడోయ్‌టుంగ్ అంటే పదం సూచించే వస్తువు, జిన్ అంటే అది మనకు అందే తీరు. వేగుచుక్క అన్నా, సాయంకాలపు చుక్క అన్నా వస్తువు శుక్రగ్రహమే, అందే తీరు వేరు. ఫ్రెంచ్ తీసుకున్నవాళ్లకు 'కోన్సియాన్స్' ఇలాంటిదే. స్పృహ, అంతరాత్మ రెండూ ఆ ఒక్క మాటే. జర్మన్‌లో ఒక్కోదానికి వేరే పదముంది.

రెండు శాఖల వ్యాసాలూ ఒకే తీరులో రాయడం తరచుగా జరిగే పొరపాటు. తత్వశాస్త్ర వ్యాసంలో మీ వాదన, దానికి ఎదురయ్యే అత్యంత బలమైన అభ్యంతరం, దానికి జవాబు ఉండాలి. రచయిత ఏమన్నాడో తిరగచెప్పినంత మాత్రాన మార్కులు రావు. భాషా శాఖకు రాసే సాహిత్య వ్యాఖ్యానం మాత్రం పేజీ మీదున్న మాటల నుంచి మొదలవ్వాలి.

విదేశంలో చదివే ఏడాది ఉన్న నాలుగేళ్ల కోర్సుల్లో అది చాలా చోట్ల మూడో ఏడాది. యూరప్ విశ్వవిద్యాలయాలు చదువును కొలిచే ఉమ్మడి లెక్క ఇ.సి.టి.ఎస్.లో ఏడాదికి 60 క్రెడిట్లు. అక్కడి ఏ కోర్సు ఇక్కడి దేనికి సరిపోతుందో వెళ్లకముందే రెండు శాఖల నుంచీ రాతపూర్వకంగా తీసుకోండి. ఒకరు ఒప్పుకున్నారు కదా అని రెండోవారు అనుకోవడం మామూలే. జర్మనీలో తరగతులు అక్టోబర్‌లో, ఏప్రిల్‌లో మొదలవుతాయి. తరగతికి నమోదు, పరీక్షకు నమోదు చాలాచోట్ల వేర్వేరు. రెండోది మరిస్తే సెమినార్ అంతా కూర్చున్నా క్రెడిట్ రాదు. 'హౌస్‌ఆర్బైట్' అనే పెద్ద వ్యాసం తరచుగా సెలవుల్లో రాయాల్సి ఉంటుంది, కాబట్టి తిరుగు టికెట్ తొందరపడి కొనొద్దు.

చివరి పరీక్షల్లో మూల పదాలను జవాబు నిండా చల్లితే పరిశీలకులు మెచ్చరు. కీలకమైన పదాన్ని ఒక్కసారి మూలభాషలో రాయండి. ఏ అర్థంలో తీసుకున్నారో ఒక వాక్యంలో చెప్పండి. అక్కడి నుంచి చివరిదాకా దానికి ఒకే అనువాదం వాడండి.