అలొకేటర్ కాదన్నప్పుడు: నా కెర్నల్‌లో ఫోర్క్ దాకా వచ్చిన పని

తీరిక దొరికినప్పుడల్లా రాసుకుంటున్న నా చిన్న కెర్నల్‌లో (ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) ఈ విడత కొత్త ఫీచర్ ఏమీ లేదు. అలొకేటర్ (మెమరీ కేటాయించే భాగం) కాదన్నప్పుడు, అంటే మెమరీ దొరకనప్పుడు నడవాల్సిన కోడ్‌ను ఒక్కొక్కటిగా నడిపించి చూడటమే పనిగా పెట్టుకున్నాను. ఆ కోడ్ దానంతట అది నడవదు. క్యూఎము అనే ఎమ్యులేటర్‌లో (కంప్యూటర్‌ను అనుకరించే ప్రోగ్రామ్) 128 ఎంబీ ఇచ్చి షెల్ తెరిస్తే మెమరీ అయిపోయే పరిస్థితే రాదు. పెద్ద కెర్నళ్లలోనూ ఇదే తంతు. లినక్స్‌లో మామూలు జీఎఫ్‌పీ కెర్నల్ ఫ్లాగ్‌తో (కెర్నల్ తన కోసం మెమరీ అడిగే సాధారణ పద్ధతి) 32 కేబీ లోపు అడిగితే అలొకేటర్ దాదాపు ఎప్పుడూ కాదనదు. పాత పేజీలు (మెమరీని విభజించిన సమాన ముక్కలు) ఖాళీ చేయించి, అవసరమైతే ఏదో ఒక ప్రాసెస్‌ను (నడుస్తున్న ప్రోగ్రామ్‌ను) చంపించి అయినా ఇస్తుంది. దాంతో నల్ (మెమరీ దొరకలేదని చెప్పే ఖాళీ పాయింటర్) వస్తే ఏం చేయాలో జాగ్రత్తగా రాసిన కోడ్ ఏళ్ల తరబడి ఒక్కసారి కూడా నడవకుండా పడి ఉంటుంది.

అందుకని ముందుగా కావాలని ఫెయిల్ చేయించే ఏర్పాటు పెట్టాను. లినక్స్ ఫాల్ట్ ఇంజెక్షన్‌లో (కావాలని తప్పులు పుట్టించే సదుపాయం) ఫెయిల్‌స్లాబ్ అనే, స్లాబ్ అలొకేషన్లను ఫెయిల్ చేయించే భాగానికి శాతం ఇచ్చి అదృష్టానికి వదిలేయొచ్చు. లేదా ప్రాక్ అనే డైరెక్టరీలో ఒక్కో టాస్క్‌కు (కెర్నల్ నడిపే పనికి) ఉండే ఫెయిల్ ఎన్‌త్ ఫైల్లో ఒక సంఖ్య రాసి, ఆ టాస్క్ చేసే సరిగ్గా అన్నో అలొకేషన్‌ను మాత్రమే ఫెయిల్ చేయించొచ్చు. నాకు రెండోదే నచ్చింది, ఎందుకంటే బగ్ దొరికితే అదే సంఖ్యతో మళ్లీ రప్పించొచ్చు. నా దాంట్లో టాస్క్ స్ట్రక్చర్‌లో ఒక కౌంటర్ ఉంటుంది. అలొకేటర్ ప్రతిసారీ దాన్ని ఒకటి తగ్గిస్తుంది, సున్నాకు చేరినప్పుడు నల్ ఇస్తుంది. టెస్ట్ ప్రోగ్రామ్ 1 దగ్గర మొదలుపెట్టి ఫోర్క్ చేస్తుంది (పేరెంట్‌గా తన నకలైన చైల్డ్ ప్రాసెస్‌ను పుట్టిస్తుంది), మైనస్ 12, అంటే ఈనోమెమ్ అనే ‘మెమరీ లేదు’ ఎర్రర్ వచ్చిందా అని చూస్తుంది, సంఖ్య పెంచి మళ్లీ చేస్తుంది. ఫోర్క్ విజయవంతమై, కౌంటర్ ఇంకా సున్నాకు చేరకుండా ఉంటేనే ఆగాలి. విజయవంతమైంది కదా అని ఆపేస్తే కుదరదు. మధ్యలో ఒక అలొకేషన్ ఫెయిలైనా సర్దుకుపోయే కోడ్ ఉండొచ్చు.

లీక్ (తీసుకుని తిరిగి ఇవ్వని మెమరీ) ఉందా లేదా తేల్చడానికి ఖాళీ పేజీల లెక్క ఒక్కటీ చాలదు. స్లాబ్ క్యాష్‌లు (ఒకే రకం చిన్న ఆబ్జెక్టులకు పేజీలను దాచుకునే నిల్వలు) ఖాళీ అయిన పేజీని వెంటనే తిరిగి ఇవ్వవు కాబట్టి లీక్ లేకపోయినా తేడా కనిపిస్తుంది. ప్రతి క్యాష్‌లో వాడుకలో ఉన్న ఆబ్జెక్టులనూ, పేజీ టేబుళ్లకు (ప్రోగ్రామ్ అడ్రస్‌లను అసలు మెమరీ పేజీలకు కలిపే పట్టికలకు) పోయిన పేజీలనూ విడివిడిగా లెక్కపెట్టి, ఫోర్క్‌కు ముందూ తర్వాతా పోల్చుతున్నాను. ఫ్రీ చేసిన మెమరీని హెక్స్ 6బి బైట్లతో నింపుతున్నాను. ఎవరైనా మళ్లీ దాన్ని తాకితే చెత్త అడ్రస్‌తో అక్కడికక్కడే బయటపడుతుంది.

ఇక ఫోర్క్ సంగతి. ప్రాసెస్ స్ట్రక్చర్, 16 కేబీ కెర్నల్ స్టాక్, ఫైల్ టేబుల్ కాపీ, పేజీ టేబుల్, ఈ వరుసలో తీసుకుంటే, ఫెయిలైన చోటి నుంచి మొదలుపెట్టి, చివర తీసుకున్నది ముందు అన్నట్టు తిరగేసిన వరుసలో వదలాలి. దీనికి గోటో (ఒక లేబుల్ దగ్గరికి నేరుగా దూకే ఆదేశం) కంటే చదవడానికి తేలికైనది సీ భాషలో నాకు కనిపించలేదు. లేబుల్ పేర్లు ‘తప్పు1, తప్పు2’ అని కాకుండా, అక్కడ ఏం వదులుతున్నామో చెప్పేలా పెడితే మధ్యలో కొత్త మెట్టు చేర్చినా వరుస చెడదు.

కష్టమంతా పేజీ టేబుల్‌ దగ్గరే. కాపీ ఆన్ రైట్ (పేజీలను ఇద్దరూ పంచుకుని, ఎవరైనా రాసినప్పుడే కాపీ చేయడం) కోసం పేరెంట్ ఎంట్రీలను రీడ్ ఓన్లీ చేస్తూ, పేజీల రిఫరెన్స్ కౌంట్ (ఎందరు వాడుతున్నారన్న లెక్క) పెంచుతూ పోతున్నప్పుడు సగంలో మెమరీ అయిపోతే ఎలా? చైల్డ్ వైపు సగం కట్టిన టేబుల్ ఉంది. దాన్ని కూల్చడానికి ఎగ్జిట్‌లో వాడే ఫంక్షన్‌నే వాడుతున్నాను, వేరేది రాయలేదు. అది సగం టేబుల్‌ను కూడా తట్టుకోవాలంటే ఒకటే నియమం: కొత్త టేబుల్ పేజీని సున్నాలతో నింపిన తర్వాతే పైస్థాయికి తగిలించాలి. పేరెంట్ ఎంట్రీలను మాత్రం వెనక్కి మార్చడం లేదు. పేరెంట్ రాయబోతే ఫాల్ట్ వస్తుంది, దాన్ని అందుకునే హ్యాండ్లర్ కౌంట్ 1 అని చూసి రైట్ బిట్ పెట్టేస్తుంది. కాస్త నిదానమే కానీ, ఫెయిలైన దారిలో రాసే కోడ్ ఎంత తక్కువైతే అంత నయం.

కొత్త ప్రాసెస్‌ను పీఐడీ (ప్రాసెస్ నంబర్) టేబుల్లో, రన్ క్యూలో (నడవడానికి సిద్ధంగా ఉన్నవాటి వరుసలో) చేర్చడం అన్నిటికంటే చివర. చేర్చాక ఇంకో సీపీయూ ఆ ప్రాసెస్‌ను నడపడం మొదలుపెట్టొచ్చు, అప్పుడు నల్ చూసి ఫ్రీ చేయడమంటే చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. అందుకే పీఐడీ కోసం కావాల్సిన మెమరీని కూడా ముందే తీసి పెట్టుకుని, ఆ గీత దాటాక అలొకేటర్ వైపు చూడకుండా కోడ్ సర్దాను.

మన్‌మ్యాప్‌లో (ప్రోగ్రామ్ తన అడ్రస్‌లలో కొంత భాగాన్ని, అంటే మ్యాపింగ్‌ను, వదులుకునే పిలుపు) ఇంకో తమాషా ఉంది. మ్యాపింగ్ నడిమధ్య ముక్కను తీసేస్తే అది రెండు ముక్కలవుతుంది, రెండో ముక్కకు కొత్త స్ట్రక్చర్ కావాలి. అంటే మెమరీ వదలడానికే మెమరీ అడగాలి! లినక్స్‌లోనూ మన్‌మ్యాప్ ఈనోమెమ్ ఇవ్వగలదు. నేను ఆ స్ట్రక్చర్‌ను మొదటే తీసుకుని, దొరకకపోతే ఏ పేజీనీ కదపకుండా వెనక్కి వస్తున్నాను. ఎగ్జిట్‌లో మొత్తం అడ్రస్ స్పేస్ పోతుంది కాబట్టి విడగొట్టే పనే లేదు.

కీబోర్డ్ ఇంటరప్ట్‌లో (కీ నొక్కగానే పని ఆపి నడిచే కోడ్‌లో) అలొకేషనే తీసేశాను. అక్కడ ఆగి ఎదురుచూసే వీలు లేదు. స్థిరమైన రింగ్ బఫర్ (చివరికి చేరాక మళ్లీ మొదటి నుంచి వాడుకునే నిల్వ) నిండితే ఆ కీని వదిలేసి, వదిలినవాటి లెక్క పెంచడమే. బూట్‌లో జరిగే అలొకేషన్లకు పానిక్‌నే (కెర్నల్ మొత్తం ఆగిపోవడం) ఉంచాను. అక్కడ చక్కదిద్దడానికి ఇంకా ఏమీ లేదు.

మిగిలింది పేజీ ఫాల్ట్ (తాకిన అడ్రస్‌కు పేజీ సిద్ధంగా లేనప్పుడు కెర్నల్‌కు వచ్చే పిలుపు). యూజర్ ప్రోగ్రామ్ ఏదో అడ్రస్‌లో రాస్తుండగా పేజీ దొరకకపోతే ఈనోమెమ్ తిరిగి ఇవ్వడానికి అక్కడ సిస్టమ్ కాల్ (ప్రోగ్రామ్ కెర్నల్‌ను పని అడిగే పిలుపు) అన్నదే లేదు. ప్రస్తుతానికి ఆ ప్రాసెస్‌ను చంపుతున్నాను. కెర్నల్ యూజర్ బఫర్‌లోకి కాపీ చేస్తుండగా అదే జరిగితే ఈఫాల్ట్ (‘అడ్రస్ బాగాలేదు’ అనే ఎర్రర్) వస్తోంది. చంపిన ప్రాసెస్ ఎగ్జిట్ పూర్తయ్యేదాకా దానికి అవసరమయ్యే పేజీలను పక్కన పెట్టాలా, పెడితే ఎన్ని అన్నది తర్వాతి విడతలో తేల్చాలి.