ఇడ్లీని నేతిలో వేయించిన రాజధాని

ముంబయి హైవే మీద జహీరాబాద్, హుమ్నాబాద్ దాటాక సస్తాపూర్ దగ్గర పక్కకు తిరిగితే బసవకల్యాణ్ వస్తుంది. హైదరాబాద్ నుంచి షోలాపూర్, పుణె వెళ్లే మనవాళ్లలో ఎక్కువమంది ఆ మలుపు దగ్గర ఆగరు. అక్కా నేనూ మాత్రం ఆ ఊరి కోసమే బయలుదేరాం. ఒకప్పుడు అది కల్యాణి చాళుక్యుల రాజధాని. 1126 నుంచి 1138 వరకు అక్కడ ఏలిన మూడో సోమేశ్వరుడు ‘మానసోల్లాసం’ అనే సంస్కృత గ్రంథం రాశాడు. మనం పొద్దున్నే తినే ఇడ్లీ, దోసె, వడలకు ముత్తాతలు అందులో ఉన్నారు.

ఆ గ్రంథంలో ఇరవయ్యేసి అధ్యాయాల చొప్పున అయిదు భాగాలున్నాయి. రాజ్యాన్ని సంపాదించడం, నిలబెట్టుకోవడం మొదటి రెండు. మూడోది భోగాలు, తర్వాతివి వినోదాలు, ఆటలు. వంట సంగతులు మూడో భాగంలోని ‘అన్నభోగం’లో వస్తాయి. ఏనుగులను పట్టడం గురించి ఎంత శ్రద్ధగా చెప్పాడో మినపపిండి గురించీ అంతే శ్రద్ధగా చెప్పాడు. నది గట్టు పొలాల్లో దొరికే నల్ల ఎలుకలను ఎలా వండాలో కూడా దాచకుండా రాశాడు. తన కాలంలో జనం తిన్నదాన్ని చిన్నచూపు చూడని ఆ గుణం వల్లే నాకు ఈ రాజంటే ఇంత ఇష్టం.

దారిలో హుమ్నాబాద్ దగ్గరున్న జలసంగ్వి గుడి చూశాం. గోడ చుట్టూ నల్లరాతిలో చెక్కిన అందగత్తెల బొమ్మలు, మదనికలు. వాళ్లలో ఒకామె వెనక్కి తిరిగి నిలబడి శాసనం రాస్తూ ఉంటుంది. ఆమె రాస్తున్నది సోమేశ్వరుడి తండ్రి ఆరో విక్రమాదిత్యుడి ప్రశస్తి. జడ, నడుము ఒంపు, రాతి మీద ఆనిన వేళ్లు, అన్నీ ఎంత సహజంగా ఉన్నాయో! అక్షరాలు చదవడం రాకపోయినా అక్క అక్కడి నుంచి కదలలేదు.

బసవకల్యాణ్ చేరేసరికి ఆకలి దంచేస్తోంది. బస్టాండు దారిలో ఒక చిన్న హోటల్లో కూర్చున్నాం. మరమరాల సుస్లా, మిర్చి బజ్జీ, ఇడ్లీ, మినప బోండా ఉన్నాయన్నారు. నేను బోండా చెప్పాను, నా కళ్లు మాత్రం పొయ్యి మీదే ఉన్నాయి. పెద్దాయన చెయ్యి నీళ్లలో తడుపుకుని, గిన్నెలోంచి పిండి తీసి, బొటనవేలితో తోస్తూ నూనెలోకి వదులుతున్నాడు. ఉండ ఒకసారి అడుగుకు మునిగి, పైకి తేలి, తనంతట తానే ఒక పక్కకు దొర్లుతుంది. చిల్లుల గరిటె ఆనించగానే రెండో వైపుకు తిరుగుతుంది. ప్లేటు రాగానే అక్క ఒక బోండా విరిచి, మెత్తగా ఉన్న తెల్లటి లోపలి భాగం చూసి, “మిరియాలు పొడి చెయ్యలేదురా, కచ్చాపచ్చాగా దంచి వేశారు. ఇంగువ కూడా తెలుస్తోంది” అంది.

సోమేశ్వరుడి ‘ఇడ్డరిక’ దాదాపు ఇదే. మెత్తటి మినపపిండిని చిన్న ఉండలు చేసి, నేతిలో వేయించి, పైన మిరియాల పొడి, జీలకర్ర పొడి, ఇంగువ చల్లాలి. బియ్యం లేదు, పులియబెట్టడం లేదు, ఆవిరి మీద ఉడికించడం లేదు. అంతకు నూరేళ్ల ముందు, సుమారు 1025లో, ఇదే చాళుక్యుల కొలువుకు చెందిన చావుండరాయడు కన్నడంలో ‘లోకోపకారం’ రాశాడు. అందులో మినపపప్పును మజ్జిగలో నానబెట్టి రుబ్బి, పెరుగు మీద తేరిన నీటితో కలపమన్నాడు. అంటే పులుపు అప్పటికే ఉంది. దానికి బియ్యపు రవ్వ తోడై, పిండి రాత్రంతా పొంగి, ఇడ్లీ పాత్రలోకి చేరడం తర్వాతి కథ. మిర్చి బజ్జీలోని మిరపకాయ కూడా ఆ రాజుకు తెలియదు. పదహారో శతాబ్దంలో పోర్చుగీసువాళ్లు తెచ్చేదాకా ఈ నేలమీద కారమంటే ఎక్కువగా మిరియమే.

దోసె కథా అంతే. ‘ధోసక’ను అప్పట్లో పప్పుల పిండితోనే పోశారు. వడలను పాలలో నానబెడితే ‘క్షీరవట’, మన పెరుగు వడకు దగ్గరి చుట్టం. నాకు అన్నిటికన్నా సంతోషం కలిగించింది ‘ఘారిక’. మినపపిండితో వేయించి, చక్కెర పాకం పట్టించే వంటకం అది. పండక్కి మా అమ్మమ్మ బెల్లంతో చేసే పాకం గారెలు తిన్నవాళ్లెవరికీ దీన్ని పరిచయం చేయక్కర్లేదు. తొమ్మిది వందల ఏళ్లలో ఎన్ని రాజ్యాలు పోయాయి! మినపపప్పు, జీలకర్ర, ఇంగువ మాత్రం ఎవరి ఆజ్ఞా లేకుండా ఇంటింటి వంటగదిలో నిలిచాయి.

మధ్యాహ్నం కోటకు వెళ్లాం. రాజు వంటశాల ఎక్కడుండేదో ఊహించాలని ఎంత ప్రయత్నించినా సాధ్యం కాలేదు. నిలిచి ఉన్న కట్టడాల్లో ఎక్కువ భాగం బహమనీలు, ఆ తర్వాతి పాలకుల చేతుల మీదుగా మారినవే. కోటకన్నా ఊరే నాతో ఎక్కువ మాట్లాడింది. సోమేశ్వరుడు పోయిన కొన్నేళ్లకు, కల్యాణిని ఏలిన బిజ్జలుడి కాలంలో, బసవన్న ఇక్కడే శరణులను, అంటే తన బాట పట్టిన శివభక్తులను, కూడగట్టాడు. కులం అడగకుండా అందరికీ అన్నం పెట్టే దాసోహం వాళ్ల ఆచారం. పాల్కురికి సోమనాథుడి వల్ల ఆ కథ తెలుగులోకి వచ్చింది. రాజు తన భోజనం గురించి రాసిన ఊళ్లోనే, ఒక తరం తిరగకముందే, చెప్పులు కుట్టే మనిషి అందరితో కలిసి తిన్నాడంటే ఆ నేల మీద నిలబడ్డప్పుడు ఒళ్లు పులకరించింది.

ఇంకో ముచ్చట. హైదరాబాద్‌లో గొడ్డుమాంసంతో చేసే కల్యాణి బిర్యానీకి ఆ పేరు ఈ ఊరి నవాబుల వల్లే వచ్చిందంటారు. 1956 దాకా ఈ ఊరు హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉండేది.

ఇంటికొచ్చాక అక్క ఇడ్డరిక చేసింది. పప్పును పిండి పట్టించి, జల్లించి, నీళ్లు తక్కువగా పోసి బాగా గిలక్కొట్టి, చిన్న ఉసిరికాయంత ఉండలు నేతిలో వేసింది. మంట పెరిగితే పైన నల్లబడి లోపల పచ్చిగా మిగులుతుంది, కాబట్టి సన్నటి సెగ తప్పనిసరి. నెయ్యి వాసనకు మిరియం ఘాటు తోడైంది. వేడిగా ఉన్నంతసేపే మెత్తగా ఉన్నాయి, చల్లారితే గట్టిపడ్డాయి. కొంచెం బియ్యం కలిపి, రాత్రి నానబెట్టి ఉంటే గుల్లగా వచ్చేవని అక్క అంది. ఎప్పుడో ఏ వంటమనిషో సరిగ్గా అదే ఆలోచన చేసి ఉంటాడు.