టీపాట్ ముక్కు, జాడీ మూత

బెంగళూరు మల్లేశ్వరంలో మేముంటున్న ఇంట్లో పొద్దున్నే రెండు సార్లు టీ తయారవుతుంది. మొదటిది ఐదున్నరకు అమ్మ పెట్టేది. అల్లం దంచి వేసి, పాలూ నీళ్లూ సమంగా పోసి, టీ పొడీ పంచదారా ఒకేసారి పడేసి, మూడు పొంగులు వచ్చేదాకా మరిగించి, ఆపైన స్టీలు గ్లాసులోకి వడగట్టి ఇస్తుంది. రెండోది ఏడు గంటలకు నేను టీపాట్‌లో పెట్టుకునేది; దానిలో పాలుండవు, పంచదారా ఉండదు. రాజమండ్రి నుంచి వచ్చి మా దగ్గర ఉంటున్న అమ్మ దృష్టిలో అది టీ కాదు, జ్వరం తగిలినవాళ్లకు ఇచ్చే కషాయం. "ఒంట్లో బాగాలేదా నాన్నా?" అని మొదటి నెలంతా రోజూ అడిగింది.

నా టీపాట్ గొప్పదేమీ కాదు. ఎనిమిదేళ్ల కిందట కుమారకృపా రోడ్డులో ఉన్న చిత్రకళా పరిషత్తు ఆవరణలో చేతివృత్తుల సంత జరుగుతుంటే, ఖుర్జా పింగాణీ అమ్మే ఒకతని దగ్గర కొన్నాను. తెలుపు మీద నీలం పూలతో, బొద్దుగా, మూడు కప్పులకు సరిపోయేలా ఉంటుంది. అంతకు ముందు ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న గాజు టీపాట్ ఒకటి ఉండేది. చూడటానికి ఎంత ముచ్చటగా ఉండేదో వాడటానికి అంత విసుగు తెప్పించేది. కప్పు నిండి చెయ్యి వెనక్కి తీయగానే చివరి ధార ముక్కు కిందుగా జారి, దాని పొట్ట మీదుగా పాకి, బల్ల మీద మడుగు కట్టేది. ఆ అనుభవంతో సంతలో ఆ అమ్మేవాణ్ని చెంబుడు నీళ్లు అడిగాను. అతను నన్ను వింతగా చూస్తూనే తెచ్చి ఇచ్చాడు. మూడు సార్లు నేల మీదికి వంచి చూశాను. ధార తెగిన చోటే తెగింది, ఒక్క చుక్క వెనక్కి రాలేదు. ఆ సంతోషంలో బేరమాడటం మరిచిపోయాను.

ముక్కు మీద నాకింత పట్టింపు రావడానికి కారణం నాయనమ్మ ఇత్తడి కొమ్ముచెంబు. పూజ దగ్గర తులసికోటకు నీళ్లు పోసేటప్పుడు దారం లాంటి సన్నటి ధార వచ్చేది, చెయ్యి తిప్పగానే ఠక్కున ఆగేది. ఆ కొమ్ము అంచు కత్తిలా పలుచగా ఉండేదని, దానిలోని మర్మమంతా అక్కడే ఉందని చాలా ఏళ్ల తర్వాత అర్థమైంది. అంచు మందంగా, గుండ్రంగా ఉంటే, నెమ్మదిగా వంచినప్పుడు ద్రవం దూకడం మానేసి ఆ అంచును అంటిపెట్టుకుని కిందికి మళ్లుతుంది. 1956లో మార్కస్ రైనర్ అనే శాస్త్రవేత్త దీనికి టీపాట్ ప్రభావం అని పేరే పెట్టాడు. ఇదే చిక్కు మీద లెక్కలు కట్టిన జోసెఫ్ కెల్లర్, జీన్‌మార్క్ వాండెన్‌బ్రోక్‌లకు 1999లో ఇగ్ నోబెల్ బహుమతి వచ్చింది. నవ్వించి ఆలోచింపజేసే పరిశోధనలకు ఇచ్చే బహుమతి అది. కారుతున్న టీపాట్ ఇప్పటికే మీ ఇంట్లో ఉంటే, ముక్కు కింద కాస్త వెన్న రాసి చూడండి. నా గాజుదానికి వారం రోజులు అలాగే రాశాను గానీ, టీ మీద తేలే వెన్న చుక్కలతో రాజీ పడలేకపోయాను.

ఇక టీ పెట్టే తీరుకు వస్తాను. ముందు కాసిని వేడినీళ్లు పోసి, పాట్‌ను తిప్పి, వెచ్చబడ్డాక ఆ నీళ్లు పారబోస్తాను. చల్లటి పింగాణీ మరిగే నీళ్ల వేడిని కొంత లాగేసుకుంటుంది. కప్పుకు ఒక చెంచా చొప్పున కూనూర్ ఆకు వేస్తాను. నీలగిరి ఆకుల్లో చలికాలపు కోతది ప్రత్యేకమైన పరిమళం, దొరికినప్పుడు కొని దాచుకుంటాను. అమ్మ వాడే గుళికల పొడి ఇందులో పనికిరాదు. అది యంత్రాల్లో నలిపి, చీల్చి, చుట్టగా వచ్చేది, పాలల్లో మరగడానికే పుట్టింది; టీపాట్‌లో వేస్తే రెండు నిమిషాల్లో చేదెక్కి, ముక్కు దగ్గరి జల్లెడలో ఇరుక్కుంటుంది. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన ఉంది కనుక ఇక్కడ నీళ్లు దాదాపు 97 డిగ్రీలకే మరుగుతాయి, అందుకే మూడు నిమిషాలకు మరో అర నిమిషం కలుపుతాను. టీ రుచి పరీక్షల కోసం 1980లో వెలువడిన అంతర్జాతీయ ప్రమాణం 100 మిల్లీలీటర్ల నీటికి 2 గ్రాముల ఆకు వేసి 6 నిమిషాలు ఉంచమంటుంది. అది రుచి చూసి ఉమ్మేసేవాళ్ల కొలత, తాగేవాళ్లది కాదు.

ఆ మూడున్నర నిమిషాల్లో నేనేమీ చేయను. పేపరు ముట్టను, ఫోన్ చూడను. కిటికీ అవతల పూలమ్మి కేక, మూత చుట్టూ లేచే ఆవిరి, అంతే. రోజు మొత్తంలో ఎవరికీ లెక్క చెప్పనక్కరలేని సమయం అదొక్కటే.

నీళ్ల సంగతి చెప్పకపోతే బెంగళూరు టీ గురించి చెప్పినట్టు కాదు. కావేరి నీళ్లు వచ్చిన రోజు టీ ఎర్రగా, అద్దంలా ఉంటుంది. బోరు నీళ్లయితే వాటిలోని సున్నం టీతో కలిసి పైన సన్నటి తెట్టు కడుతుంది, చెంచా పెడితే పగిలిన అద్దంలా చీలుతుంది. 2024 వేసవి కరువులో నెలల తరబడి ట్యాంకరు నీళ్లే దిక్కయినప్పుడు, నా టీ చూసి అమ్మ మొదటిసారి జాలిపడింది. పాలు పోస్తే ఆ తెట్టు అంతగా కనిపించదని సలహా కూడా ఇచ్చింది.

మొన్న సంక్రాంతికి టీపాట్ మూత నా చేతుల్లోంచే జారి మూడు ముక్కలైంది. దానికి సరిపోయే మూత కోసం రెండు వారాలు తిరిగి, ఆశ వదులుకున్నాక, అమ్మ అటక మీది అట్టపెట్టెలోంచి ఒక పింగాణీ మూత తీసి తెచ్చింది. ఎప్పుడో పగిలిపోయిన ఆవకాయ జాడీది. జాడీ పోయినా మూత పనికొస్తుందని రాజమండ్రి నుంచి ఇక్కడిదాకా మోసుకొచ్చిందట. టీపాట్ మీద పెడితే కొలత తీసి చేసినట్టు బిగుతుగా కూర్చుంది. అయితే టీపాట్ మూతకు గాలి పోవడానికి ఉండే చిన్న రంధ్రం జాడీ మూతకు ఉండదు. అది లేకపోతే లోపలికి గాలి వెళ్లే దారి లేక ధార ఆగి ఆగి, గుటకలు మింగుతూ వస్తుంది. మొదటి రోజు అలా కప్పు చుట్టూ చిందిస్తుంటే, అమ్మ ఎదురుగా కూర్చుని చూసి, "మూత కాస్త వారగా పెట్టరా, పాపం దానికి ఊపిరాడటం లేదు" అంది. వారగా పెట్టాను. ధార సాఫీగా వచ్చి, తెగాల్సిన చోట తెగింది.

ఈమధ్య ఏడింటికి తనూ ఒక చిన్న కప్పు పట్టుకుని వచ్చి కూర్చుంటోంది. కప్పు అడుగున రెండు చెంచాల పంచదార ముందే వేసుకుని వస్తుంది.