కాలిఫోర్నియాలో సూపర్‌వైజర్‌నయ్యాక తీసుకున్న సమాన అవకాశాల శిక్షణ: నా అనుభవం

కాలిఫోర్నియాలోని ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో ఐటీ హెల్ప్‌డెస్క్‌కు నన్ను సూపర్‌వైజర్‌గా నియమించినప్పుడు, కొత్త జీతం ఖరారయ్యే లోపే హెచ్‌ఆర్ నుంచి శిక్షణ నోటీసు వచ్చింది. ఈ రాష్ట్రంలో ఐదుగురు, అంతకు మించి ఉద్యోగులున్న ఏ సంస్థ అయినా సూపర్‌వైజర్లకు రెండు గంటలు, మిగతావారికి ఒక గంట చొప్పున వేధింపుల నివారణపై రెండేళ్లకోసారి శిక్షణ ఇప్పించాలి. కొత్తగా సూపర్‌వైజర్ అయినవారు ఆరు నెలల్లోగా దాన్ని పూర్తిచేయాలి. 2004లో చేసిన చట్టంతో సూపర్‌వైజర్లకు మాత్రమే మొదలైన ఈ నిబంధనను 2018 నాటి మరో చట్టం మిగతా ఉద్యోగులకూ వర్తింపజేసింది. మా విశ్వవిద్యాలయం దీనికి వివక్ష నిషేధ విధానాన్నీ, విద్యాసంస్థల్లో లింగ వివక్షను నిషేధించే 1972 నాటి టైటిల్ నైన్‌నూ కలిపి ఒకే పాఠంగా అందిస్తుంది.

పాఠమంతా కంప్యూటర్ మీదే. చట్టం రెండు గంటలన్నది కాబట్టి తెర మూలన గడియారం తిరుగుతూ ఉంటుంది. మీరెంత వేగంగా చదివినా అది ముందుకు వెళ్లనివ్వదు. కాసేపు మౌస్ కదపకపోతే లాగౌట్ చేస్తుంది. మధ్యమధ్య నటులతో తీసిన చిన్న వీడియోలు, వాటి కింద ప్రశ్నలు వస్తాయి. వాటిలో తప్పుడు జవాబు ఎంత స్పష్టంగా తప్పో చూస్తే, ఇవి నేర్పడానికి పెట్టినవా, సంస్థ తన బాధ్యత తీర్చుకున్నట్టు రికార్డులో చూపడానికి పెట్టినవా అన్న అనుమానం రాక మానదు. 1964 నాటి పౌరహక్కుల చట్టం, నలభై దాటినవారిని వయసు వివక్ష నుంచి కాపాడే 1967 నాటి చట్టం, వికలాంగుల హక్కులకు సంబంధించిన 1990 నాటి చట్టం వరుసగా వచ్చిపోతాయి. సహజమైన జుట్టు తీరును బట్టి వివక్ష చూపడాన్ని కాలిఫోర్నియా 2019లో నిషేధించిందన్న సంగతి చాలామందిలాగే నాకూ కొత్త.

అసలు విషయం సూపర్‌వైజర్ బాధ్యతల దగ్గర మొదలవుతుంది. కిందివారిని సూపర్‌వైజర్ వేధిస్తే, ఆ సంగతి పైవారికి తెలియకపోయినా రాష్ట్ర చట్టం ప్రకారం సంస్థే బాధ్యత వహించాలి. వేధించిన వ్యక్తి మీద వ్యక్తిగతంగానూ దావా వేయవచ్చు. అంతేకాక, వేధింపు గురించి ఏ రూపంలో తెలిసినా సూపర్‌వైజర్ దాన్ని సంబంధిత కార్యాలయానికి తెలియజేసి తీరాలి. మనవాళ్లకు మింగుడుపడనిది ఇదే. మా డెస్క్‌లో పనిచేసే తెలుగు విద్యార్థిని ఒకామె ఒకరోజు, "అన్నా, మీతో ఒకటి చెప్పాలి, ఎవరికీ చెప్పనంటేనే చెబుతాను" అంది. శిక్షణలో చెప్పిన ప్రకారం ఆమెను అక్కడే ఆపి, "చెప్పే ముందు ఒక మాట వినమ్మా. నువ్వు చెప్పేది వేధింపు గురించైతే నేను దాచలేను, పై కార్యాలయానికి చెప్పాల్సిందే. ఎవరికీ తెలియకుండా మాట్లాడాలనుకుంటే క్యాంపస్ కౌన్సెలర్ ఉన్నారు, వాళ్లకు ఆ నిర్బంధం లేదు" అన్నాను. ఆమె ముఖం చిన్నబోయింది. అన్నా అని పిలిచిన పిల్లతో ఆఫీసు భాషలో మాట్లాడటం నాకూ కష్టంగానే అనిపించింది. కానీ విన్నాక "మన మధ్యే ఉంచుదాంలే" అనే పెద్దమనిషి తరహా వల్ల నష్టపోయేది ఆమే. ఆమె ముందు కౌన్సెలర్ దగ్గరికే వెళ్లి, తర్వాత తనంతట తానే ఫిర్యాదు ఇచ్చింది.

ఆమె భయమంతా పని గంటల గురించే. ఎఫ్-1 వీసా మీద చదివేవారు సెమిస్టర్ నడిచే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు; ఆ కాస్త సంపాదన మీదే వారి ఇంటి అద్దె గడుస్తుంది. ఫిర్యాదు చేసినందుకు ఎవరి గంటలు తగ్గించినా, రాత్రి షిఫ్టుకు మార్చినా అది ప్రతీకార చర్య కిందికి వస్తుందనీ, అసలు ఫిర్యాదు రుజువు కాకపోయినా ప్రతీకారం వేరే ఉల్లంఘనగా నిలబడుతుందనీ పాఠంలో ఉంది. అందుకే విచారణ ముగిసేదాకా ఆ డెస్క్ షిఫ్టుల పట్టికలో ఏ మార్పు చేయాల్సి వచ్చినా కారణాన్ని పక్కనే రాసిపెట్టి, హెచ్‌ఆర్‌కు చూపించాకే అమలు చేశాను.

ఇక కులం. అప్పట్లో 23 క్యాంపస్‌లున్న కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ వ్యవస్థ 2022 జనవరిలో తన వివక్ష నిషేధ విధానంలో కులాన్ని పేరుపెట్టి చేర్చింది. అంతకుముందే, 2019లో మసాచుసెట్స్‌లోని బ్రాండైస్ విశ్వవిద్యాలయం ఆ పని చేసింది. రాష్ట్రమంతటికీ వర్తించేలా శాసనసభ ఆమోదించిన బిల్లును మాత్రం, ఉన్న చట్టాలే కుల వివక్షనూ నిషేధిస్తున్నాయన్న కారణంతో గవర్నర్ న్యూసమ్ 2023 అక్టోబరులో తిరస్కరించారు. ఇంత వాదం నడిచిన విషయం మా పాఠంలో మాత్రం ఒక్క వాక్యమే. జాతి, వర్ణం, పూర్వీకుల వరుసలో అదొక మాటగా వచ్చిపోయింది, ఒక్క ఉదాహరణా లేదు. అమెరికన్ సహోద్యోగికి ఆ మాట ఏమీ చెప్పదు. మనకు చెప్పాల్సినదానికి ఉదాహరణలు కావాలి.

ఇలాంటి ఆన్‌లైన్ శిక్షణలో అడిగిన ప్రశ్నకు అర్హత గల శిక్షకులు రెండు పనిదినాల్లో జవాబివ్వాలని నిబంధన ఉంది. ఆ లింకును వాడినవారు మా విభాగంలో ఎవరూ లేరు. నేను అడిగాను: తెలుగువాళ్లు కొత్తగా పరిచయమైనప్పుడు ఊరూ ఇంటిపేరూ అడుగుతారు, ఇంటిపేరును బట్టి కులం ఊహించడం మామూలే, పనిచేసే చోట సూపర్‌వైజర్ అలా అడగవచ్చా? గడువులోగానే జవాబు వచ్చింది, అదీ ఆలోచించి రాసిన జవాబు. అడగడమొక్కటే ఉల్లంఘన కాకపోవచ్చు. కానీ అడిగాక షిఫ్టుల్లోనో, పని పంపకంలోనో, మదింపులోనో తేడా కనిపిస్తే, ఆ ప్రశ్నే రేపు సాక్ష్యమవుతుంది. కాబట్టి పనితో సంబంధం లేని వివరం సూపర్‌వైజర్ అడగకపోవడమే మేలు అన్నది దాని సారాంశం. రెండు గంటల వీడియోల కంటే ఈ నాలుగు వాక్యాలే నాకు పనికొచ్చాయి.

నియామకాల ఎంపిక సంఘంలో కూర్చోవడానికి మరో శిక్షణ ఉంది. అది ముఖాముఖి జరిగింది, నా మటుకు నాకు అన్నిటికంటే నచ్చిందీ అదే. హైదరాబాద్ నుంచి ఫోన్ చేసే బంధువులు అక్కడ కూడా రిజర్వేషన్లు ఉన్నాయటగా అని అడుగుతుంటారు. లేవు. 1996లో ఓటర్లు ఆమోదించిన ప్రపోజిషన్ 209 అనే రాష్ట్ర రాజ్యాంగ సవరణ ప్రకారం ఈ రాష్ట్ర ప్రభుత్వ విద్యలో, ఉద్యోగాల్లో జాతి, లింగాలను బట్టి ప్రాధాన్యం ఇవ్వడం నిషిద్ధం. దాన్ని రద్దు చేయాలన్న ప్రతిపాదనను 2020లో ఓటర్లే తోసిపుచ్చారు. కాబట్టి ఇక్కడ సమాన అవకాశమంటే అభ్యర్థులందరినీ ఒకే పద్ధతిలో చూడటమే. ప్రశ్నలు ముందే రాసుకోవాలి, అందరినీ అవే అడగాలి. ఏ జవాబుకు ఎన్ని మార్కులో దరఖాస్తులు తెరవకముందే నిర్ణయించాలి. పెళ్లయిందా, పిల్లలెంతమంది, డిగ్రీ ఎప్పుడైంది, ఏ దేశం అన్నవి నోట రాకూడదు; అమెరికాలో పనిచేయడానికి అనుమతి ఉందా అని మాత్రం అందరినీ అడగవచ్చు. పాత జీతం ఎంతని అడగడం కూడా 2018 నుంచి నిషిద్ధం.

ఆ పద్ధతిలో మొదటి ఇంటర్వ్యూలు చేసినప్పుడు, "మంచి కుర్రాడు, మన టీమ్‌లో ఇమిడిపోతాడు" అని సంఘంలో ఒకరన్నారు. ఏ ప్రశ్నకు ఏ జవాబు చూసి అలా అనిపించిందో కాగితం మీద చూపమని అధ్యక్షురాలు అడిగారు. చూపలేకపోవడంతో ఆ వ్యాఖ్యను పక్కన పెట్టాం. మార్కుల కాగితాలన్నీ హెచ్‌ఆర్‌కు అప్పగించాం. నియామక రికార్డులను నాలుగేళ్లు భద్రపరచాలని చట్టం.

2025 జనవరిలో అమెరికా కేంద్ర ప్రభుత్వం, ప్రభుత్వ కాంట్రాక్టర్లు ఉద్యోగాల్లో సమాన అవకాశాలు పాటించాలన్న 1965 నాటి అధ్యక్ష ఉత్తర్వును రద్దు చేసి వైవిధ్య కార్యక్రమాల మీద ఆంక్షలు పెట్టినప్పుడు, ఈ శిక్షణలూ ఆగిపోతాయని చాలామంది అనుకున్నారు. వేధింపుల నివారణ శిక్షణ రాష్ట్ర చట్టం మీద నిలిచింది కనుక యథాతథంగా కొనసాగింది. పాఠం చివరి అభిప్రాయ పత్రంలో కులానికి సంబంధించి ఒక వీడియో చేర్చమనీ, కావాలంటే ఇంటిపేరు సన్నివేశం నేనే రాసిస్తాననీ రాశాను. తర్వాతి విడతలోనూ అదే ఒక్క వాక్యం ఉంది. మళ్లీ అదే రాసి పంపాను.