కలర్ పికర్ చూసేది అంకెల్ని, స్క్రీన్‌ని కాదు

ఒకటే లోగో, ఒకటే ఫైలు. మీ సిస్టమ్‌లో కలర్ పికర్ (స్క్రీన్ మీద చూపించిన చోట రంగు విలువ చెప్పే టూల్) పెడితే ఒక విలువ, నా సిస్టమ్‌లో పెడితే ఇంకొకటి. ఎవరిది కరెక్ట్ అని డిజైనర్ల మధ్య ఈ గొడవ ఎప్పుడూ ఉండేదే. చాలాసార్లు ఇద్దరిదీ కరెక్టే, ఎందుకంటే పికర్ మీ స్క్రీన్ వైపు అసలు చూడనే చూడదు. ఆ పిక్సెల్ కోసం కంప్యూటర్ మెమరీలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎంతెంతో చెప్పే ఏ మూడు అంకెలు (ఒక్కోటి 0 నుంచి 255 దాకా) ఉన్నాయో చదివి చెబుతుంది, అంతే. ఆ అంకెలు అందుకున్న ప్యానెల్ ఎలాంటి వెలుతురు బయటికి వదిలిందో దానికి తెలిసే దారి లేదు. బియ్యం బస్తా మీద 26 కిలోలని అచ్చేసింది చదవడం వేరు, ఆ బస్తాని ఎత్తి కాటా మీద పెట్టడం వేరు.

నమ్మకం కుదరకపోతే విండోస్‌లో పవర్‌టాయ్స్ (మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే టూల్స్) కలర్ పికర్‌తో తెల్లటి పేజీ మీద చదివి చూడండి, 255, 255, 255 అంటుంది. ఇప్పుడు నైట్ లైట్ (రాత్రిపూట నీలం తగ్గించే విండోస్ సెట్టింగ్) ఫుల్లుగా పెట్టండి. పేజీ మొత్తం నారింజ రంగుకి తిరిగిపోతుంది, పికర్ మాత్రం అవే 255లు చూపిస్తూ ఉంటుంది. స్క్రీన్‌షాట్ తీసినా తెల్లగానే వస్తుంది. ఆ నారింజ ఛాయ కలిసేది స్క్రీన్‌కి వెళ్లే ముందు ఆఖరి దశలో, పికర్ చదివేది అంతకంటే ముందు.

మ్యాక్ వాళ్లది ఇంకో రకం తలనొప్పి. అందులో డిజిటల్ కలర్ మీటర్ ముందే వేసి ఉంటుంది, దాని పైన ఒక చిన్న మెనూ, చాలామంది దాని జోలికే పోరు. ‘డిస్‌ప్లే నేటివ్ వాల్యూస్’ మీద ఉంటే స్క్రీన్‌కి వెళ్లే అంకెలు చూపిస్తుంది, ‘డిస్‌ప్లే ఇన్ ఎస్ఆర్‌జీబీ’ పెడితే వాటిని ఎస్ఆర్‌జీబీలోకి, అంటే వెబ్‌లో మామూలుగా వాడే రంగుల ప్రమాణంలోకి మార్చి చూపిస్తుంది. వెబ్ పేజీలో 255, 0, 0 అని రాసిన ఎరుపుని పీ3 (ఎస్ఆర్‌జీబీ కంటే ఎక్కువ రంగులు పట్టే ప్రమాణం) స్క్రీన్ మీద నేటివ్‌గా చదివితే ఇంచుమించు 234, 51, 35 వస్తుంది. కంగారు పడక్కర్లేదు. పీ3 ఎరుపు, ఎస్ఆర్‌జీబీ ఎరుపు కంటే గాఢం, కాబట్టి మనం అడిగిన మామూలు ఎరుపు రావాలంటే దాన్ని కాస్త తగ్గించి ఆకుపచ్చ, నీలం కొంచెం కొంచెం కలపాలి. సిస్టమ్ ఆ పనే చేసింది. అసలు ఇబ్బంది ఎప్పుడంటే, మ్యాక్ స్క్రీన్‌షాట్‌కి ఆ స్క్రీన్ ప్రొఫైల్ (ఏ అంకెకి ఏ రంగో చెప్పే సమాచారం) కూడా అంటుకుని వస్తుంది, మధ్యలో ఎవరైనా ప్రొఫైల్ తీసేసి సేవ్ చేశారా, అవే 234, 51, 35 ఎస్ఆర్‌జీబీ అంకెలుగా చెలామణీ అయిపోతాయి. ఇక ఆ ఎరుపు వెలిసిపోయినట్టే.

విండోస్‌లో చాలాకాలంగా దీనికి పూర్తి తలకిందులు. ప్రొఫైల్ పట్టించుకోని ప్రోగ్రామ్ 255, 0, 0ని ఉన్నదున్నట్టు పంపేస్తుంది, వైడ్ గ్యామట్ (ఎస్ఆర్‌జీబీ కంటే ఎక్కువ రంగులు చూపించే) మానిటర్ తన దగ్గరున్న అతి గాఢమైన ఎరుపుని చూపిస్తుంది. అంకె తప్పలేదు, రంగు తప్పింది. చీరల క్యాటలాగ్‌లు చేసేవాళ్లకి ఈ బాధ బాగా తెలుసు. “అన్నా, రాణి కలర్ మా షాపు సిస్టమ్‌లో కళ్లు పొడుస్తోంది” అని ఫోన్ వస్తుంది, ఇక్కడ పికర్ పెట్టి చూస్తే ఏ తేడా ఉండదు.

ఇంతకీ ఎస్ఆర్‌జీబీ అంటే హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ కలిసి 1996లో ప్రతిపాదించి, 1999లో ఐఈసీ అనే అంతర్జాతీయ సంస్థ ప్రమాణంగా మారినది. అప్పటి సీఆర్‌టీ మానిటర్లని దృష్టిలో పెట్టుకుని చేశారు, తెలుపు డీ65 (పగటి వెలుతురు లాంటి తెలుపు), వెలుగు చదరపు మీటరుకి 80 క్యాండెలాలు. ఇప్పుడు మన బల్లల మీద ఉన్నవాటిలో చాలా వరకు అంతకంటే ఎంతో ఎక్కువ వెలుగుతాయి, అందుకే ఫైలు అదే అయినా అనుభవం వేరు.

నిజంగా కొలవాలంటే పరికరం కావాలి. కలరీమీటర్‌ని స్క్రీన్‌కి ఆనించి వేలాడదీస్తారు, సాఫ్ట్‌వేర్ ఒక్కో రంగు చతురస్రం చూపిస్తూ పోతుంది, బయటికొచ్చిన వెలుతురుని అది కొలుస్తుంది, చివర్లో ఆ మానిటర్‌కి ప్రొఫైల్ తయారవుతుంది. ఆర్గిల్ సీఎంఎస్ లాంటి సాఫ్ట్‌వేర్ ఉచితమే. పరికరం చౌక కాదు గానీ రోజూ వాడేది కాదు కాబట్టి నలుగురు కలిసి కొనుక్కోవచ్చు. కొలిచే ముందు మానిటర్‌ని అరగంట ఆన్‌లో ఉంచండి, ట్రూ టోన్ (గది వెలుతురుని బట్టి తెలుపుని మార్చే మ్యాక్ సెట్టింగ్), నైట్ లైట్, ఆటో బ్రైట్‌నెస్ అన్నీ ఆపండి. కలరీమీటర్ లోపల ఉండేవి ఫిల్టర్లు, స్క్రీన్ వెలుతురు రకాన్ని బట్టి వాటి కొలత తప్పొచ్చు, కాబట్టి ఎదురుగా ఉన్నది మామూలు ఎల్ఈడీయా, వైడ్ గ్యామటా, ఓఎల్ఈడీయా అన్నది సాఫ్ట్‌వేర్‌కి చెప్పాలి. ఇది చెప్పకుండా కొలిచి “డెల్టా ఈ (రావాల్సిన రంగుకీ వచ్చిన రంగుకీ ఉన్న తేడా) ఒకటి కంటే తక్కువ” అని పోస్టులు పెట్టేవాళ్లని చూస్తే నాకు నవ్వొస్తుంది.

ఇంత చేశాక కూడా ఒక మెలిక ఉంది. ఓఎల్ఈడీ, ఎల్‌సీడీ రెండింటినీ పక్కపక్కన పెట్టి, పరికరం రెండు తెలుపులూ ఒకటే అని చెప్పినా కంటికి ఒకటి కాస్త వేరే ఛాయలో కనిపించవచ్చు. కొలతకి ఆధారమైన సీఐఈ (కాంతి, రంగుల ప్రమాణాలు చూసే అంతర్జాతీయ సంస్థ) 1931 లెక్కలు రైట్, గిల్డ్ అనే ఇద్దరు ఇంగ్లండ్‌లో చేసిన ప్రయోగాల నుంచి వచ్చాయి, వాటిలో కూర్చున్నది మొత్తం 17 మంది. వాళ్ల కళ్ల సగటుకీ మీ కళ్లకీ పూర్తిగా పొంతన ఉండాలని లేదు, ఓఎల్ఈడీ లాంటి, ఒక్కో రంగు కాంతి ఇరుకైన తరంగదైర్ఘ్యాల పరిధిలోనే ఉండే స్క్రీన్ల మీద ఆ తేడా మరింత బయటపడుతుంది. అలాంటప్పుడు తెల్లదనాన్ని కంటితో చూసి కొంచెం సర్దుకోవడం మోసమేమీ కాదు.

పరికరం లేనివాళ్లు మానిటర్ మెనూలో ఎస్ఆర్‌జీబీ మోడ్ ఉంటే అది పెట్టండి, పికర్‌ని ఎస్ఆర్‌జీబీలోనే చదవమనండి, ఎవరికైనా అంకెలు పంపేటప్పుడు ఏ కలర్ స్పేస్‌లో (ఎస్ఆర్‌జీబీయా, పీ3యా) చదివారో పక్కన రాయండి. “255, 0, 0” అని ఊరికే పంపితే అవతలివాళ్లకి ఏ ఎరుపో తెలియదు. ఇక కస్టమర్ల ఫోన్లలో రంగుల్ని గాఢంగా చూపించే వివిడ్ మోడ్ ఆన్‌లో ఉంటే దానికి మన దగ్గర మందు లేదు, నేనైతే షాపు వాళ్లకి అడ్వాన్స్ తీసుకునే ముందే ఈ మాట చెప్పేస్తాను.