పొలం కొన్నాక జేసీబీని పిలిచే ముందు

చేవెళ్ల, శంకర్‌పల్లి, మొయినాబాద్ వైపు ఆదివారం పూట వెళ్తే ఒకటే తంతు. హైదరాబాద్ నుంచి వచ్చి అరెకరమో ఎకరమో కొన్నవాళ్లు ముందు ఫెన్సింగ్ వేయిస్తారు, ఆ వెంటనే జేసీబీ దిగుతుంది. తుప్పలు, గట్లు, గట్ల మీది చెట్లు అన్నీ పీకేసి, ఎత్తుగా ఉన్నచోట చెక్కి పల్లంలో పోసి చదును చేయిస్తారు. చూడ్డానికి శుభ్రంగానే ఉంటుంది. కానీ ఆ ఒక్క పూటలో ఏం పోయిందో వాళ్లకి ఎవరూ చెప్పట్లేదు, నాకు బాధ అక్కడే.

మన చెలక నేలల్లో, అంటే ఇసుక పాలు ఎక్కువున్న ఎర్ర నేలల్లో, సారమున్న మట్టి పైన జానెడే. మట్టి పరీక్ష రిపోర్టులో సేంద్రియ కర్బనం అని ఒక లైను ఉంటుంది, అంటే కుళ్లిన ఆకు, వేర్లు, పెంట నుంచి మట్టిలో చేరిన కర్బనం, అందరూ దాన్ని దాటేసి నత్రజని, భాస్వరం, పొటాష్ చూస్తారు. నేనైతే ముందు దాన్నే చూస్తాను. 0.5 శాతం లోపు ఉంటే తక్కువ, 0.75 దాటితే ఎక్కువ అని ల్యాబుల లెక్క. ఎకరంలో పై ఆరంగుళాల మట్టి సుమారు 9 లక్షల కిలోలు ఉంటుంది. అందులో 0.4 శాతం అంటే 3,600 కిలోల కర్బనం. దాన్ని 0.5కి తేవాలంటే ఇంకో 900 కిలోలు నేలలో నిలవాలి. నిలవడం అన్నమాట గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే మనం తోలే పెంటలో ఉన్న కర్బనంలో చాలా భాగాన్ని సూక్ష్మజీవులు తినేస్తాయి, మన ఎండలకి ఆ పని ఇంకా తొందరగా అయిపోయి అది కార్బన్ డయాక్సైడై గాల్లోకి పోతుంది. ఆ కొంచెం పెరగడానికి ఏళ్లు పడుతుంది. అలాంటి పైమట్టిని చెక్కి పల్లంలో పూడ్చేస్తే కింద తేలేది మొరం.

ఒక పని చేసి చూడండి. ఏటా దున్నే చేనులోంచి ఒక మట్టిగడ్డ, పక్కనే దున్నని గట్టు మీద గడ్డి వేర్ల మధ్య నుంచి ఇంకో గడ్డ తెచ్చి నీడలో బాగా ఆరనివ్వండి. రెండు గాజు గ్లాసుల్లో నీళ్లు పోసి మెల్లగా వదలండి. చేను గడ్డ బుడగలు వదులుతూ చూస్తుండగానే విడిపోయి అడుగున బురదవుతుంది, నీళ్లు ఎర్రగా మారతాయి. గట్టు గడ్డ మాత్రం చాలాసేపు అలాగే ఉంటుంది, నీళ్లు కూడా దాదాపు తేటగానే ఉంటాయి. రెండూ ఒకే నేల మట్టే. గట్టు మట్టిలో వేర్లు, బూజు దారాలు, కుళ్లిన ఆకు నుంచి వచ్చిన జిగురు కలిసి రేణువుల్ని పట్టి ఉంచుతాయి. మాటిమాటికీ దున్నితే ఆ పట్టు తెగి, లోపల దాగి ఉన్న కర్బనం బయటపడి సూక్ష్మజీవులకి దొరుకుతుంది. అంటే కర్బనం పోతే మట్టి కట్టు పోతుంది, కట్టు పోతే మిగిలిన కర్బనమూ నిలవదు.

ఇది వానాకాలంలో బయటపడుతుంది. జూన్‌లో గట్టి వాన పడి రెండ్రోజులు ఎండ కాస్తే చెలకలో పైన పెచ్చు కడుతుంది, మొలక దాన్ని చీల్చుకుని రాలేదు, తర్వాతి వాన ఇంకకుండా పారిపోతూ మట్టిని కూడా పట్టుకుపోతుంది. రోటవేటర్‌తో పిండిలా చేసిన చేనులో ఇది మరీ ఎక్కువ. పైగా ట్రాక్టర్ ఏటా ఒకే లోతులో తిరిగితే ఆ కింద గట్టి పొర తయారై వేరు అక్కడే ఆగిపోతుంది. వరి మళ్లది ఇంకో కథ. నీళ్లు నిలిచి ఉండటం వల్ల కర్బనం కరగడం నెమ్మదిస్తుంది, ఆ మేరకు మంచిదే, కానీ నీళ్లు పెట్టి బురదగా దున్నే దమ్ము చేసిచేసి కింద గట్టిపడిన మడిలో ఆరుతడి పంట వేస్తే చాలా ఇబ్బంది పడుతుంది.

పోయింది తిరిగి వస్తుందా అంటే, వస్తుంది, నిదానంగా. మన పటాన్‌చెరులోనే ఇక్రిశాట్ (మెట్ట పంటల మీద పనిచేసే అంతర్జాతీయ పరిశోధన సంస్థ) వాళ్లు 1976 నుంచి నల్లరేగడిలో ఒక ప్రయోగం నడిపారు. ఒకవైపు పాత పద్ధతి, వానాకాలమంతా బీడు పెట్టి యాసంగిలో ఒక పంట. ఇంకోవైపు వెడల్పాటి మళ్లు, నీరు మెల్లగా పోయేలా కాలువలు, జొన్నలోనో మొక్కజొన్నలోనో కంది, తగినంత ఎరువు. పాత పద్ధతిలో హెక్టారుకి టన్ను చుట్టూ గింజలొస్తే రెండో దాంట్లో 5 టన్నుల దగ్గరకి వచ్చాయి. నాలుగడుగుల లోతు దాకా కొలిస్తే, ఏడాదికి హెక్టారుకి సుమారు 330 కిలోల కర్బనం ఎక్కువగా చేరింది. కంది వేరు లోతుకి దిగుతుంది, ఆకు బాగా రాలుస్తుంది, దాని పాత్ర చిన్నది కాదు. అయితే నల్లరేగడిలో ఉన్న బంకమట్టి కర్బనాన్ని పట్టి ఉంచుతుంది, ఎర్ర చెలకలో అంత పట్టు లేదు, కాబట్టి అదే అంకె మీ చేనులో ఆశించకండి.

మా బావ చేవెళ్ల దగ్గర పొలం కొన్నప్పుడు పక్క చేను పెద్దమ్మ ఆయనతో, "బిడ్డా, గట్టు తియ్యకు, తీస్తే మీ మన్నంత కొట్టుకొని మా చేన్లకొస్తది" అంది. ఆమెకి అందులో నష్టమేం లేదు, అయినా చెప్పింది. గట్లు ఉంచారు, వాటి మీద పచ్చిరొట్టకి పనికొచ్చే గిరిపుష్పం (గ్లైరిసిడియా) కొమ్మలు నాటారు, ఏటా ఆ రొట్ట కోసి చేనులోనే పరుస్తున్నారు. ఎండాకాలంలో ఎరువు కోసం గొర్రెల మంద పెట్టిస్తారు. తొలకరికి జనుము చల్లి పూతకి రాగానే కలిపి దున్నుతారు, ఏడాదికి అంతకు మించి దున్నించడం లేదు. పూడిక తీసిన చెరువు మట్టి దొరికితే చెలకకి తోలండి, అందులో బంక ఉంటుంది కాబట్టి నీటినీ కర్బనాన్నీ పట్టి ఉంచుతుంది, నల్లరేగడికి మాత్రం దాంతో పెద్ద అవసరం లేదు. పత్తి కట్టెలకి నిప్పు పెట్టొద్దు, ముక్కలు చేసే యంత్రం దొరికితే చేనులోనే కలిపేయండి.

ఇంకోటి, మట్టి పరీక్ష జేసీబీ రాకముందే చేయించండి. ఎరువులు వేయకముందు, ఎండాకాలంలో, చేనులో పదిచోట్ల పై ఆరంగుళాల మట్టి తీసి కలిపి ల్యాబుకి ఇవ్వండి, గట్టు పక్కన, చెట్టు కింద, పెంటకుప్ప పెట్టిన చోట తీయొద్దు. రెండు మూడేళ్ల తర్వాత మళ్లీ అదే నెలలో, అదే చోట్ల తీయించండి. ఏడాదికే అంకె మారలేదని దిగులు పడకండి, అంత తక్కువ తేడా పరీక్షలో సరిగ్గా పట్టుబడదు.